ప్రవాసంలో టిబెటన్ స్త్రీ: వలస సమానత్వాన్ని తెచ్చిందా?

వలసకూ స్త్రీల స్థితికీ ఉన్న సంబంధం గురించిన సాధారణ సిద్ధాంతాలను గత పాఠంలో చదివారు. సొంత ఊరు వదిలిన స్త్రీ పాత కట్టుబాట్ల నుంచి కొంత బయటపడుతుందని ఒక వాదం. ఊరు, బంధువులు, భూమి అనే ఆసరాలు పోవడంతో ఆమె మరింత బలహీనపడుతుందని మరో వాదం. ఈ రెండింటిలో ఏది నిజమని అడిగితే చర్చ అక్కడే ఆగిపోతుంది. ఎవరి వలస, ఏ కాలంలో, ఎక్కడికి, ఏ పనిలోకి, చేతిలో ఏ కాగితాలతో అని అడగడం మొదలుపెడితేనే అది ముందుకు సాగుతుంది. ఈ పాఠంలో ఆ ప్రశ్నలను టిబెటన్ శరణార్థి స్త్రీల విషయంలో అడిగి చూద్దాం.

1959 మార్చిలో లాసాలో తిరుగుబాటు అణిచివేతకు గురైంది. దలైలామా మార్చి 17 రాత్రి లాసా విడిచి, నెలాఖరుకు భారత సరిహద్దు దాటారు. ఆ తరువాత సుమారు 80,000 మంది టిబెటన్లు ఆయన వెనుక వచ్చారు. అస్సాంలోని మిస్సమారి, పశ్చిమ బెంగాల్లోని బక్సా దువార్ తొలి తాత్కాలిక శిబిరాలు. 2009లో ప్రవాస ప్రభుత్వం జరిపిన జనాభా సర్వే నాటికి టిబెట్ వెలుపల ఉన్న టిబెటన్లు 1,27,935 మంది. వారిలో 94,203 మంది భారతదేశంలోనే ఉన్నారు. అంటే ఇది మూడు తరాల కథ. మొదటి తరం మంచు కనుమలు దాటి నడిచి వచ్చింది. రెండో తరం బైలకుప్పెలోనో ధర్మశాలలోనో పుట్టింది. మూడో తరంలో చాలామంది న్యూయార్కుకో టొరంటోకో వెళ్ళిపోయారు. ఈ మూడు తరాల స్త్రీలను కలిపి 'టిబెటన్ స్త్రీ' అని ఏకవచనంలో మాట్లాడటం వల్లనే సగం గందరగోళం పుడుతుంది.

వాడుకలో ఉన్న రెండు కథనాలు

ఈ విషయం మీద మీరు ఏ పుస్తకం తెరిచినా రెండు కథనాలలో ఒకటి ఎదురవుతుంది. మొదటిది: టిబెట్లో స్త్రీలు ఎప్పుడూ సమానులే, వారికి ప్రత్యేకంగా విముక్తి అవసరం లేదు. రెండోది: పాత టిబెట్లో స్త్రీ అణగిపోయి ఉండేది, ప్రవాసంలోని ఆధునిక విద్య, ప్రజాస్వామ్యం ఆమెను పైకి తెచ్చాయి. ఒకే వక్త ఒకే ఉపన్యాసంలో ఈ రెండూ చెప్పడం కూడా కద్దు. మొదటిది చైనా ప్రచారానికి సమాధానంగా పనికొస్తుంది. రెండోది సహాయం చేసే పాశ్చాత్య సంస్థలకు నచ్చుతుంది. రెండింటికీ వినేవారు బయట ఉన్నారు. ఆ స్త్రీలు తమలో తాము ఏమనుకుంటున్నారన్నది రెండు కథనాల్లోనూ వినబడదు.

మొదటి కథనాన్ని తీసుకుందాం. అందులో నిజం లేకపోలేదు. పాత టిబెట్లో పరదా లేదు. చైనాలోలాగా పాదాలు బిగించి కట్టే ఆచారం లేదు. స్త్రీలు సంతల్లో వ్యాపారం చేసేవారు, ఇంటి తాళపు చెవులు వారి నడుముకే వేలాడేవి, విడాకులు, పునర్వివాహం పెద్ద కళంకం కాదు. కొడుకులు లేని ఇంట కూతురు ఆస్తికి వారసురాలై అల్లుణ్ణి ఇంటికి తెచ్చుకునేది. ఆ అల్లుణ్ణి 'మగ్‌పా' అంటారు. ఇల్లరికం తెలిసిన తెలుగువారికి దీన్ని విడమరిచి చెప్పనక్కరలేదు. ఇల్లరికం ఉన్నంత మాత్రాన మన సమాజంలో ఆస్తిహక్కు సమానంగా ఉందని ఎవరూ అనరన్న సంగతి కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి.

పైగా ఈ 'సమానత్వం' పోలిక మీద నిలబడింది. ఆనాటి యాత్రికులు టిబెటన్ స్త్రీని పొరుగున ఉన్న భారతీయ, చైనా స్త్రీలతో పోల్చి స్వేచ్ఛాజీవి అన్నారు. ఆమెను టిబెటన్ పురుషుడితో పోల్చితే లెక్క మారిపోతుంది. స్త్రీని పిలిచే మాటల్లో ఒకటైన 'క్యేమెన్'కు అక్షరార్థం 'తక్కువ జన్మ'. మన 'ఆడజన్మ' అనే మాటలోని నిట్టూర్పు అందులోనూ ఉంది. వచ్చే జన్మలోనైనా మగవాడిగా పుట్టాలని ప్రార్థించడం భక్తురాళ్ళకు మామూలు. మఠాల్లోని ఉన్నత విద్య, ప్రభుత్వోద్యోగం రెండూ పురుషులవే. అయితే అదే సంప్రదాయంలో తారాదేవి కూడా ఉంది. స్త్రీ శరీరంతోనే బోధిని పొందుతానని ఆమె ప్రతిన పూనిందని కథ. టిబెటన్ భాషలో ఆమె పేరు డోల్మా. వేలాది ఆడపిల్లలకు ఆ పేరే పెడతారు. సంప్రదాయాన్ని పూర్తిగా సమర్థించేవారు తారను చూపిస్తారు, పూర్తిగా నిందించేవారు 'క్యేమెన్'ను చూపిస్తారు. చదివేవారు రెండింటినీ పక్కపక్కన పెట్టుకోవాలి.

బహుభర్తృత్వం ఎందుకు మాయమైంది?

అన్నదమ్ములంతా కలిసి ఒకే స్త్రీని పెళ్ళాడే ఆచారం టిబెట్‌లోని కొన్ని వర్గాల్లో ఉండేది. దాని మీద విస్తృతంగా పనిచేసిన మానవశాస్త్రజ్ఞుడు మెల్విన్ గోల్డ్‌స్టీన్ దాన్ని ప్రధానంగా భూమితో ముడిపెట్టి వివరించాడు. భూమికి పన్ను కట్టే కుటుంబం తన కమతాన్ని తరతరాలా చీలకుండా కాపాడుకోవాలంటే ఒక తరానికి ఒకే పెళ్ళి ఉండాలి. ప్రవాసంలో ఆ కమతమే లేదు. కర్ణాటకలో 1960లో మొదలైన బైలకుప్పెలో గానీ, తరువాత వచ్చిన ముండగోడు, కొళ్ళేగాల వంటి ఆవాసాల్లో గానీ శరణార్థులకు దక్కింది సాగు చేసుకోవడానికి ఇచ్చిన కౌలు భూమి. దానికి పాత పన్ను లేదు, వంశపారంపర్య బాధ్యతలు లేవు. కొడుకులు సైన్యంలోకి, ఉద్యోగాల్లోకి, వ్యాపారంలోకి చెదిరిపోయారు. ఆచారానికి ఆధారమే పోయింది గనుక ఆచారమూ సన్నగిల్లింది.

ఈ మార్పును సమానత్వం ఖాతాలో వేయవచ్చునా? చాలామంది వేస్తారు. నాకు అంత తొందర తగదనిపిస్తుంది. ఉమ్మడి ఇంట్లో భార్యకు ముగ్గురు భర్తల శ్రమ తోడుండేది. ఒకరు పశువుల వెంట, ఒకరు వ్యాపారానికి, ఒకరు పొలానికి. ఆమె కోరి ఎంచుకున్న ఏర్పాటు అది కాకపోవచ్చు. కానీ ప్రవాసంలోని చిన్న కుటుంబంలో సంపాదనా, వంటా, పిల్లలూ ఆమె మీదే పడ్డాయి. పెళ్ళి రూపం మారింది, ఇంటి చాకిరీ పంపకం మారలేదు. 'వలస వల్ల మార్పు' అన్న ప్రతిచోటా మారింది ఏమిటో, మారనిది ఏమిటో విడదీసి చూడడం అలవాటు చేసుకోండి.

రోడ్డు పని నుంచి స్వెట్టర్ల దాకా

తొలి సంవత్సరాల్లో శరణార్థులకు దొరికిన పని హిమాలయ ప్రాంతాల్లో రోడ్లు వేయడం. రాళ్ళు కొట్టే పనిలో ఆడా మగా తేడా లేదు. ఇక్కడ సమానత్వం ఉందని ఎవరైనా అంటే అది చేదు హాస్యం అవుతుంది. శిబిరాల్లో పిల్లలు జబ్బులతో, పోషణ లేక రాలిపోతుంటే, 1960 మే 17న జమ్మూ రోడ్డు శిబిరాల నుంచి 51 మంది పిల్లలను ధర్మశాలకు తీసుకువచ్చి ఒక శిశుగృహం తెరిచారు. దలైలామా అక్క సెరింగ్ డోల్మా దాన్ని నడిపారు. 1964లో ఆమె మరణించాక చెల్లెలు జెట్సున్ పెమా బాధ్యత తీసుకుని 2006 దాకా కొనసాగారు. అదే నేటి టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్.

ఈ సంస్థను స్త్రీల దృష్టితో చూసినవారు తక్కువ. దీని వల్ల రెండు పనులు జరిగాయి. ఒకటి, ఆడపిల్లలు మగపిల్లలతో పాటు ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నారు. భారత ప్రభుత్వం 1961లో ఏర్పరచిన కేంద్రీయ టిబెటన్ పాఠశాలలదీ అదే పద్ధతి. పాత టిబెట్లో అక్షరాస్యతకు ప్రధాన మార్గం మఠం కాగా, ప్రవాసంలో అది బడి అయింది. ఈ ఒక్క విషయంలో ప్రవాసం స్త్రీలకు స్పష్టంగా మేలు చేసింది. అయితే మేలు చేసింది బడి విధానం. దేశం విడిచినంత మాత్రాన అది జరిగి ఉండేది కాదు. రెండోది, పిల్లలు వసతి బడుల్లో ఉండడం వల్ల తల్లులు ఎంత దూరమైనా పనికి వెళ్ళగలిగారు.

ఆ పని ఏమిటో మీలో చాలామంది కళ్ళారా చూసే ఉంటారు. చలికాలం రాగానే హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వీధుల్లో వరుసగా స్వెట్టర్ల దుకాణాలు వెలుస్తాయి. అమ్మేవారిని మనవాళ్ళు 'నేపాలీలు' అనేస్తారు. వారిలో ఎక్కువమంది టిబెటన్లు. దుకాణం ముందు కూర్చుని బేరమాడేది చాలాచోట్ల స్త్రీలే. వ్యాపారం సాగే తీరు ఇది. వానాకాలం ముగిశాక లూథియానాలోని ఉత్పత్తిదారుల దగ్గర సరుకు అరువుకు తెస్తారు. అక్టోబరు, నవంబరుల నుంచి జనవరి దాకా ఊరుకాని ఊళ్ళో అద్దె గదిలో ఉండి అమ్ముతారు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చే లోసార్ పండుగకు, అంటే టిబెటన్ సంవత్సరాదికి, ఇంటికి తిరిగి వెళ్తారు. చలి గట్టిగా లేని ఏడాది సరుకు మిగిలిపోతుంది, అప్పు నెత్తిన ఉంటుంది.

భాష రాని ఊళ్ళో ఒక స్త్రీ అరువు సరుకు తెచ్చి, స్థలం సంపాదించి, పోలీసులకూ మునిసిపాలిటీకీ సమాధానం చెప్పి, లాభం లెక్కగట్టి ఇంటికి తీసుకువెళ్తుంది. ఆర్థిక స్వాతంత్ర్యం అంటే ఇదే కదా అనిపిస్తుంది. టిబెటన్ స్త్రీలకు వ్యాపారం కొత్త కాదన్న సంగతి పైన చూశాం; ఆ పాత నేర్పే కొత్త నేల మీద పనికొచ్చింది. అయినా ఈ పనిని ఇంట్లో 'వ్యాపారం' అనరు, 'సీజను' అంటారు. సీజను ముగిశాక ఆమె మళ్ళీ గృహిణే. వృత్తి అని పిలవని పనికి గౌరవం ఎంత దక్కుతుందో బీడీలు చుట్టే స్త్రీలను ఎరిగిన తెలంగాణ విద్యార్థులు ఊహించుకోగలరు.

డార్జిలింగ్‌లో 1959 అక్టోబరు 2న మొదలైన శరణార్థి స్వయంసహాయక కేంద్రం, నేపాల్‌లోని జావలాఖేల్ హస్తకళా కేంద్రం తివాచీల నేతతో పేరు పొందాయి. మగ్గం ముందు కూర్చున్నవారిలో అత్యధికులు స్త్రీలు. తివాచీని ఇప్పుడు టిబెటన్ సంస్కృతికి గుర్తుగా ప్రదర్శిస్తారు. నేసినవారి వేళ్ళ నొప్పి ప్రదర్శనకు రాదు.

మూడు జీవిత కథలు

ఈ చరిత్రను స్త్రీల మాటల్లో చదవాలనుకునేవారికి సాధారణంగా మూడు పుస్తకాలు సూచిస్తారు. రిన్‌చెన్ డోల్మా టారింగ్ రాసిన 'డాటర్ ఆఫ్ టిబెట్' (1970), జెట్సున్ పెమా 'టిబెట్: మై స్టోరీ' (1997), ఆమా ఆధే చెప్పగా జాయ్ బ్లేక్స్‌లీ అక్షరబద్ధం చేసిన 'ది వాయిస్ దట్ రిమెంబర్స్' (1997).

టారింగ్ 1910లో లాసాలోని సారోంగ్ ప్రభువంశంలో పుట్టింది. చిన్నతనంలోనే డార్జిలింగ్ వెళ్ళి ఇంగ్లీషు చదువుకుంది. తన అక్క పెమా డోల్కర్‌ను పెళ్ళాడిన వ్యక్తికే తానూ భార్య అయి, తరువాత జిగ్మే టారింగ్‌ను పెళ్ళాడింది. ఈ సంగతుల్ని ఆమె ఎక్కడా దీనంగా చెప్పదు, గర్వంగానూ చెప్పదు. మా ఇళ్ళలో ఇలా ఉండేది అన్న ధోరణే కనిపిస్తుంది. పెద్ద విమర్శకులకు ఈ నిదానం నచ్చలేదు. అణచివేతను అణచివేతగా గుర్తించలేదని అన్నారు. నాకు మాత్రం ఆ నిదానమే పుస్తకానికి విలువ తెచ్చిందనిపిస్తుంది. తరువాతి కాలపు ప్రచారభాష ఇంకా పుట్టని రోజుల్లోని స్వరం అది. 1959లో ఆమె కూతుళ్ళను, మనవల్ని లాసాలో వదిలి ఒంటరిగా దేశం దాటవలసి వచ్చింది. అలా వచ్చిన స్త్రీ 1962లో మస్సూరీలో మొదలైన టిబెటన్ హోమ్స్ ఫౌండేషన్‌లో వందలాది ఇతరుల పిల్లల్ని పెంచింది. ఈ రెండు వాక్యాలనూ కలిపి చదివితే ఆ పుస్తకం వదిలిపెట్టదు.

జెట్సున్ పెమా కథ వేరు. 1940లో పుట్టిన ఆమె 1959కి ముందే చదువు కోసం భారతదేశానికి వచ్చింది. కాలింపాంగ్, డార్జిలింగ్ కాన్వెంట్లలోనూ, తరువాత స్విట్జర్లాండ్, ఇంగ్లాండ్‌లలోనూ చదివింది. 1990లో ప్రవాస మంత్రివర్గంలో తొలి మహిళా మంత్రి అయింది. ప్రవాస పార్లమెంటు ఆమెకు 'టిబెట్ మాత' అనే బిరుదు ఇచ్చింది. ఇక్కడ ఆగి ఆలోచించాలి. ప్రవాసంలో అధికారం చేపట్టిన తొలి స్త్రీల్లో కొందరు పిల్లల గృహాల మీదుగా వచ్చారు. వారికి దక్కిన గౌరవం 'అమ్మ' అనే పేరుతోనే దక్కింది. ఆ గౌరవానికి శక్తి ఉంది, హద్దు కూడా ఉంది. అమ్మ మాటను ఎవరూ కాదనరు. కానీ అమ్మ తన కోసం ఏమైనా అడిగితే వినడానికి ఎవరూ సిద్ధంగా ఉండరు. మరో సంగతి: ఈ అమ్మలు దలైలామా కుటుంబం నుంచో, ప్రభువంశాల నుంచో వచ్చినవారు. పిల్లల గృహాల్లో ఒక్కొక్కరు పాతిక ముప్ఫై మంది పిల్లలకు వండి వడ్డించి, జ్వరం వస్తే రాత్రంతా మేలుకున్న గృహమాతలను కూడా 'ఆమాలా' అనే పిలుస్తారు. వారి ఆత్మకథలు మనకు అందలేదు.

ఆమా ఆధే ఖామ్ ప్రాంతపు స్త్రీ. చైనా సైన్యాన్ని ఎదిరించినవారికి తోడ్పడినందుకు 1958లో ఆమెను ఇద్దరు పసిపిల్లల నుంచి విడదీసి జైల్లో పెట్టారు. 27 ఏళ్ళ నిర్బంధం తరువాత 1985లో విడుదలై, 1987లో భారతదేశానికి వచ్చింది. ప్రవాసం ఆమెకు జీవితం చివరి అంకం. ఇక్కడ ఆమె చేసిన ప్రధానమైన పని సాక్ష్యం చెప్పడం. పుస్తకం మరొకరి చేతుల మీదుగా వచ్చిందన్న సంగతి చదివేటప్పుడు మరవకూడదు. ఏ ప్రశ్నలు అడిగారో వాటికి తగిన జవాబులే పుస్తకంలోకి వస్తాయి. చైనా జైళ్ళ గురించి అడిగారు, ఆమె చెప్పింది. ధర్మశాలలో ఒక వృద్ధ స్త్రీగా ఎలా బతుకుతున్నావని అడిగి ఉంటే మరో పుస్తకం వచ్చేది.

ముందు దేశం, తరువాత మనం

1959 మార్చి 12న లాసాలో, పోటాలా ఎదుట, వేలాది స్త్రీలు చైనా పాలనకు వ్యతిరేకంగా గుమికూడారు. ఆ రోజును టిబెటన్ మహిళా సంఘం తన పుట్టినరోజుగా పరిగణిస్తుంది. 1984 సెప్టెంబరు 10న ధర్మశాలలో ఆ సంఘాన్ని పునఃస్థాపించారు. రిన్‌చెన్ ఖండో చోగ్యాల్ తొలి అధ్యక్షురాలు. అంటే ఈ మహిళా ఉద్యమం పుట్టుకలోనే జాతీయోద్యమం. దీని మీద అలెక్స్ బట్లర్ పుస్తకాన్ని ఢిల్లీలోని కాళి ఫర్ విమెన్ సంస్థ 2003లో ప్రచురించింది; అందులో చర్చంతా స్త్రీవాదానికీ జాతీయవాదానికీ మధ్య సాగే పెనుగులాట చుట్టూ తిరుగుతుంది.

చట్టంలో లోటు లేదు. 1963 రాజ్యాంగం, 1991 ప్రవాస చార్టర్ రెండూ స్త్రీపురుష భేదం లేని సమానత్వాన్ని ప్రకటించాయి. 45 మంది సభ్యుల పార్లమెంటులో మూడు ప్రాంతాల నుంచి పదేసి మంది ఎన్నికవుతారు. ప్రతి పదిమందిలో కనీసం ఇద్దరు స్త్రీలు ఉండాలి. మన చట్టసభల్లో మహిళా రిజర్వేషన్ ఎంత కాలం నానిందో గుర్తున్నవారు ఈ శరణార్థి సమాజాన్ని చిన్నచూపు చూడలేరు. కానీ ఐదు ధార్మిక శాఖలకు మరో పది స్థానాలు ఉన్నాయి. ఆచరణలో అవి భిక్షువుల చేతుల్లోనే ఉంటూ వచ్చాయి. 2021లో ఏర్పడిన మంత్రివర్గంలో ముగ్గురు స్త్రీలు చేరారు. 2001 నుంచి నేరుగా ఎన్నికవుతున్న అత్యున్నత కార్యనిర్వాహక పదవి మాత్రం ఇంతవరకు ఏ స్త్రీకీ దక్కలేదు.

చట్టం ఒప్పుకున్నా నోరు పెగలని విషయాలు ఉంటాయి. భర్త కొడితే ఎవరికి చెప్పాలి? ఇంటి గుట్టు రచ్చకెక్కితే లోకం టిబెటన్ల గురించి ఏమనుకుంటుంది? ఆతిథ్య దేశపు సానుభూతి మీద బతికే సమాజంలో ఈ భయం ప్రతి కుటుంబంలోకీ దిగుతుంది. శాంతికి, కరుణకు ప్రతీకలుగా ప్రపంచం మెచ్చుకునే సమూహంలో హింసకు గురైన స్త్రీ తన అనుభవాన్ని చెబితే ఆ ప్రతిష్ఠకు భంగం కలిగించినదవుతుంది. పోరాడుతున్న జాతులన్నిటిలోనూ స్త్రీలకు 'ఇప్పుడు కాదు, స్వాతంత్ర్యం వచ్చాక' అని చెబుతారు. టిబెటన్ల విషయంలో ఆ 'వచ్చాక' అరవై ఏళ్ళు దాటింది.

భిక్షుణుల దారి

అందరికంటె గట్టి మార్పు వచ్చింది అందరికంటె సంప్రదాయబద్ధమైన చోట అన్నది ఈ కథలోని విశేషం. 1980లలో టిబెట్ నుంచి వచ్చిన సన్యాసినుల్లో చాలామందికి అక్షరాలే రావు. 1987లో మొదలైన టిబెటన్ నన్స్ ప్రాజెక్టు వారికి చదువు ఏర్పాటు చేసింది. 1995 నుంచి వివిధ మఠాల సన్యాసినులు ఏటా ఒకచోట చేరి తర్కశాస్త్ర వాదాలు జరుపుతున్నారు. చప్పట్లు కొడుతూ, కాలు నేలకేసి తన్నుతూ ప్రత్యర్థిని నిలదీసే ఆ వాదపద్ధతి అంతకు ముందు ప్రధానంగా భిక్షువులది. 2016 డిసెంబరు 22న ముండగోడులో దలైలామా చేతుల మీదుగా 20 మంది సన్యాసినులు 'గెషెమా' పట్టా అందుకున్నారు. పదిహేడేళ్ళకు పైగా చదవాల్సిన ఈ పట్టాను మన విశ్వవిద్యాలయాల డాక్టరేటుతో పోలుస్తారు.

టిబెట్లో ఉండి ఉంటే ఇది ఎప్పటికి జరిగేదో ఊహించలేం. ఇక్కడ పాత మఠాల పట్టు సడలింది, విదేశీ సన్యాసినులు ప్రశ్నలు వేశారు, దలైలామా సుముఖంగా ఉన్నారు, అన్నిటికీ మించి ఆ అమ్మాయిలు చదివారు. అయినా వారు ఇంకా పూర్తి దీక్ష పొందిన భిక్షుణులు కారు. టిబెటన్ వినయ సంప్రదాయంలో భిక్షుణీ పరంపర లేదన్నది కారణం. పట్టభద్రురాలైన గెషెమా దీక్షలో మాత్రం శ్రామణేరిగానే మిగిలిపోతుంది. విద్య ఇచ్చినంత సులువుగా అధికారం ఇవ్వరన్న సంగతికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ నాకు తెలియదు.

చుపా, పిల్లలు, కాగితాలు

ధర్మశాలలో ఏ కార్యాలయానికి వెళ్ళినా స్త్రీలు పాదాల దాకా దిగే చుపాలో, పెళ్ళైనవారు దాని మీద చారల పంగ్‌దెన్‌తో కనిపిస్తారు. పురుషులు ప్యాంటు చొక్కాల్లో ఉంటారు. సంస్కృతిని కాపాడే బరువు ఎవరి ఒంటి మీద ఉందో చూడగానే తెలుస్తుంది. 2002లో మిస్ టిబెట్ పోటీ మొదలైనప్పుడు అప్పటి ప్రధాని సామ్‌ధోంగ్ రింపోచే అది టిబెటన్ సంస్కృతి కాదని వ్యతిరేకించారు. స్త్రీ శరీరాన్ని ప్రదర్శనకు పెట్టడం తప్పన్నది స్త్రీవాదుల అభ్యంతరం. మన ఆడపిల్లలు ఇలా చేయకూడదన్నది జాతీయవాదుల అభ్యంతరం. రెండూ ఒకే వాక్యంలా వినిపించినా వేర్వేరు వాక్యాలు. పరీక్షలో ఈ తేడా అడిగితే జాగ్రత్తగా రాయండి.

చదువుకున్న అమ్మాయిలు ఆలస్యంగా పెళ్ళి చేసుకుని తక్కువ మందిని కంటున్నారు. ప్రవాస టిబెటన్లలో జననాలు జనాభాను నిలబెట్టే 2.1 స్థాయి కంటె దిగువకు పడిపోయాయి. బడుల్లో పిల్లలు తగ్గుతున్నారు. దాంతో ఎక్కువమందిని కనమనే హితబోధ పెరిగింది. జాతి మనుగడ అనే మాట ఎత్తగానే గర్భసంచి మళ్ళీ సామూహిక ఆస్తిగా మారిపోతుంది.

రెండో వలస ఈ ఒత్తిడిని పెంచింది. అమెరికా 1990 వలస చట్టం ద్వారా వెయ్యి మంది టిబెటన్లకు వీసాలు ఇచ్చింది. మొదట ఒక్కొక్కరే వెళ్ళారు, కుటుంబాలు ఏళ్ళ తరువాత చేరాయి. న్యూయార్కులో టిబెటన్ స్త్రీలకు తేలిగ్గా దొరికిన పని పిల్లల్ని, వృద్ధుల్ని చూసుకోవడం. భారతదేశంలో ఉపాధ్యాయుడిగానో ఉద్యోగిగానో గౌరవం పొందిన భర్త అక్కడ హోటల్లో గిన్నెలు కడగవలసి వస్తే, ఇంట్లో ఎక్కువ సంపాదించేది భార్యే అవుతుంది. ఇంట్లో ఆమె మాట చెల్లుబాటు పెరుగుతుంది, ఘర్షణా పెరుగుతుంది. ఆమె ఇతరుల పిల్లల్ని ఎత్తుకుని తిరుగుతుంటే ఆమె పిల్లలు ధర్మశాల వసతి బడిలోనో, బైలకుప్పెలో అమ్మమ్మ దగ్గరో పెరుగుతారు. 1960లో రోడ్డు పని చేసే తల్లి కోసం ఏర్పడిన ఏర్పాటే నలభై ఏళ్ళ తరువాత ఆయా పని చేసే తల్లికి అక్కరకొచ్చింది.

వీటన్నిటి కింద కాగితాల సమస్య ఉంది. 1951 శరణార్థి ఒప్పందంపై భారతదేశం సంతకం చేయలేదు. టిబెటన్లు విదేశీయులుగా రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ తీసుకుని, దాన్ని ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకుంటూ ఉండాలి. 1995లో బీజింగ్ ప్రపంచ మహిళా సదస్సుకు అనుబంధంగా జరిగిన సమావేశంలో తొమ్మిది మంది టిబెటన్ స్త్రీలు నోటికి కండువాలు కట్టుకుని మౌన నిరసన తెలిపారు. ఆ తొమ్మిది మందీ పాశ్చాత్య దేశాల పాస్‌పోర్టులు ఉన్నవారు. మహిళా సంఘాన్ని పదేళ్ళుగా నడుపుతున్న ధర్మశాల స్త్రీలకు అక్కడికి చేరే దారి లేదు.

2010 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు, 1986లో కాంగ్రాలో పుట్టిన నామ్‌గ్యాల్ డోల్కర్ భారత పౌరురాలేనని తీర్పు చెప్పింది. పౌరసత్వ చట్టం ప్రకారం 1950 జనవరి 26 నుంచి 1987 జులై 1కి ముందు ఈ దేశంలో పుట్టినవారు జన్మతః పౌరులు. ఆ హక్కును న్యాయస్థానంలో నిలబెట్టుకున్నది ఒక యువతి. తరువాత ఆమె ప్రవాస పార్లమెంటు సభ్యురాలు కూడా అయింది. 1987 జులై 1 తరువాత, 2004 డిసెంబరుకు ముందు పుట్టినవారికి తల్లిదండ్రుల్లో ఒకరు పౌరులైతే చాలని చట్టం చెబుతుంది. ఆ ఒకరు తండ్రే కానక్కరలేదు. బైలకుప్పె గుడిసెలో 1962లో పుట్టి, బడి ముఖం చూడక, ఏటా చలికాలం మన ఊళ్ళకు స్వెట్టర్లు మోసుకొచ్చిన స్త్రీ ఈ లెక్కన భారత పౌరురాలే. 1990లో పుట్టిన ఆమె కూతురు పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తే, చూపించవలసింది తల్లి జనన ధ్రువపత్రం.